ఆటిజం ఉన్న పిల్లలతో బయటికి వెళ్ళడం: ప్లాన్ దగ్గర్నుంచి తిరిగి ఇంటికి చేరేదాకా

ఆటిజం ఉన్న పిల్లలున్న ఇళ్ళల్లో ఒక దశ దాటాక బయటికి వెళ్ళడం మెల్లగా తగ్గిపోతుంది. ఫంక్షన్ అంటే ఒకరు వెళ్తారు, ఒకరు పిల్లాడితో ఇంట్లో ఉండిపోతారు, టూర్ అంటే వచ్చే ఏడాది చూద్దాంలే అంటారు, ఆ వచ్చే ఏడాది ఎప్పటికీ రాదు. కానీ ఈ పిల్లలకి కూడా సముద్రం చూడాలని, రైలెక్కాలని ఉంటుంది, మా వాడిని చూస్తూ నేను ఇది గట్టిగా నమ్ముతున్నాను. వాళ్ళకి పడనివి కొన్ని చప్పుళ్ళు, కొన్ని లైట్లు, గుంపులు, చెప్పకుండా మారిపోయే ప్లాన్లు, వాటిని ముందే పట్టుకుంటే చాలావరకు దారి దొరుకుతుంది. నేను పాటించే పద్ధతిలో అసలు సంగతి ఒక్కటే, ఎలా వెళ్ళాలి అని ఆలోచించే ముందు ఎలా బయటపడాలి అని ఆలోచించడం. కింద రాసినవన్నీ దాదాపు దాని చుట్టూనే తిరుగుతాయి.

1. ముందు మీ పిల్లాడి లిస్టు రాయండి

ఇంటర్నెట్‌లో దొరికే రెడీమేడ్ లిస్టులతో మొదలుపెట్టొద్దు, ఎందుకంటే ఒకరికి పడనిది ఇంకొకరికి ప్రాణం. ఒక పాపకి జనం గోల అస్సలు పడదు, ఇంకో బాబు స్పీకర్ దగ్గరికే వెళ్ళి చెవి ఆనించి నిలబడతాడు. 2013లో వచ్చిన డీఎస్ఎం-5లో, అంటే మానసిక, ఎదుగుదల సమస్యల్ని గుర్తించడానికి డాక్టర్లు వాడే అమెరికన్ పుస్తకంలో, ఆటిజం లక్షణాల్లో సెన్సరీ తేడాలని (చప్పుడు, వెలుతురు, వాసన, స్పర్శ లాంటివాటికి స్పందించే తీరులో తేడాలు) కూడా చేర్చారు, అందులో ఎక్కువ స్పందించడం, తక్కువ స్పందించడం రెండూ ఉన్నాయి. కాబట్టి ఒక వారం పాటు గమనించి రాసుకోండి: ఏ చప్పుడుకి చెవులు మూసుకుంటున్నారు, ఏ వాసనకి వెనక్కి జరుగుతున్నారు, ఎవరైనా తాకితే ఎలా ఉంటున్నారు, క్యూలో ఎంతసేపు ఆగగలుగుతున్నారు, అలసిపోయినప్పుడు మొదట కనపడే గుర్తు ఏంటి. ఈ చివరిది చాలా ముఖ్యం, దీని సంగతి మళ్ళీ చెప్తాను.

పబ్లిక్ టాయిలెట్లలో చేతులు ఆరబెట్టే మెషీన్ల గురించి ఇక్కడే ఒక మాట. చాలామంది పిల్లల లిస్టులో ఇది ఉంటుంది, పెద్దవాళ్ళు మాత్రం "అంత సౌండ్ ఏముంది దాన్లో" అంటారు. కెనడాలో నోరా కీగన్ అనే అమ్మాయి స్కూల్లో చదువుకునే వయసులోనే ఈ మెషీన్ల చప్పుడుని పిల్లల చెవి ఎత్తులో కొలిచింది, కొన్ని 100 డెసిబెల్స్ దాటాయి, ఆ పని 2019లో ఒక పీడియాట్రిక్స్ జర్నల్లో కూడా వచ్చింది. అంటే పిల్లలు చెవి నొప్పి అంటే నిజంగానే నొప్పి. టాయిలెట్‌కి వెళ్ళే ముందు చప్పుడు తగ్గించే హెడ్‌ఫోన్స్ పెట్టేయండి, ఆ మెషీన్ నుంచి దూరంగా ఉన్న గదిలోకి తీసుకెళ్ళండి, చేతులు తుడవడానికి మీ దగ్గర ఒక చిన్న టవల్ ఉంచుకోండి.

ఇంకొకటి, ఆకలి, దాహం, ఒంటేలు వస్తోందన్న సంగతి చాలామంది ఆటిస్టిక్ పిల్లలకి ఆలస్యంగా తెలుస్తుంది. బయట కొత్త చోట ఇది ఇంకా ఎక్కువవుతుంది. అడిగేదాకా ఆగకుండా ఫోన్లో టైమర్ పెట్టుకుని మీరే నీళ్ళిచ్చి మీరే టాయిలెట్‌కి తీసుకెళ్ళండి. కారణం తెలియని చిరాకుల్లో చాలావరకు దీనివల్లే వస్తాయని నా అనుభవం.

2. చోటు, టైం

పిల్లాడికి దేనిమీద ఇష్టముందో అక్కడ మొదలుపెట్టండి. లిఫ్టులంటే పిచ్చి ఉన్న పిల్లాడికి నాలుగు లిఫ్టులున్న బిల్డింగే గొప్ప పిక్నిక్, అందరూ వెళ్ళే పార్కుకి తీసుకెళ్తేనే వెళ్ళినట్టు అని ఏమీ లేదు. తెరిచిన మొదటి గంట, సెలవు కాని రోజు, ఈ రెండూ కలిస్తే సగం సమస్య తగ్గుతుంది.

వెళ్ళే ముందు ఫోన్ చేసి అడగండి, మొహమాటపడకండి. క్యూ లేకుండా పంపే వీలుందా, నిశ్శబ్దంగా కూర్చునే గది ఉందా, బయటికి వెళ్ళి మళ్ళీ అదే టికెట్ మీద లోపలికి రావచ్చా, సొంత తిండి తెచ్చుకోవచ్చా. మూడో ప్రశ్న చాలామందికి తట్టదు కానీ అదే అన్నిటికన్నా పనికొస్తుంది. కొన్ని మ్యూజియంలు ప్రత్యేకంగా తక్కువ జనం ఉండే గంటలు పెడతాయి, కొన్ని థియేటర్లు రిలాక్స్‌డ్ షోలు వేస్తాయి, అంటే సౌండ్ తగ్గించి, లైట్లు పూర్తిగా ఆపకుండా, పిల్లలు లేచి తిరిగినా అరిచినా ఎవరూ ఏమీ అనకుండా. మొదటిసారి సినిమాకో నాటకానికో అయితే ఇలాంటి షో కోసం ఆగడం మంచిది.

3. బయటపడే దారి

ఇది ఇంట్లోనే తేల్చుకోవాలి, అక్కడికెళ్ళాక తేల్చుకుందాంలే అంటే కుదరదు, ఎందుకంటే అప్పటికి మీ బుర్ర కూడా పనిచేయదు.

పిల్లాడు మామూలుగా బయట ఎంతసేపు హాయిగా ఉండగలడో ఒక అంచనా వేసుకుని అందులో సగం టైంకే ప్లాన్ చేయండి. రెండు గంటలు ఉండగలడు అనుకుంటే గంట. ఇంకా బాగున్నాడు కదా అని పొడిగించాలనిపిస్తుంది, కొత్తలో ఆ పని చేయొద్దు, బాగున్నప్పుడే బయల్దేరిపోతే ఆ చోటు గురించి పిల్లాడికి మంచి జ్ఞాపకం మిగులుతుంది, రెండోసారి తలుపు దగ్గరే ఏడవడు.

పెద్దవాళ్ళు ఇద్దరుంటే ఎవరు పిల్లాడితో బయటికి వెళ్తారు, ఎవరు అన్నయ్యతోనో చెల్లితోనో ఉండిపోతారు అన్నది ముందే అనుకోండి. ఇది తోబుట్టువుల కోసం. ప్రతిసారీ తమ్ముడి వల్ల తను చూస్తున్నది మధ్యలో వదిలేసి రావాల్సి వస్తే ఆ పిల్ల మనసులో ఏం పేరుకుంటుందో ఆలోచించండి. వీలైతే విడిగా తిరిగొచ్చే ఏర్పాటు ఉంచుకోండి. కారైతే గేటుకి దగ్గరగా, బయటికి తిప్పి పార్క్ చేయండి. లోపలికి అడుగుపెట్టగానే మొదటి పని ప్రశాంతమైన మూల ఒకటి వెతికి పిల్లాడికి చూపించడం, "ఎక్కువైపోతే ఇక్కడికి వద్దాం" అని చెప్పడం. అలా ఒక చోటుందని తెలిస్తేనే కొంతమంది పిల్లలు ఎక్కువసేపు ఉండగలుగుతారు.

4. ముందే చూపించడం

కొత్తదనం తగ్గేకొద్దీ భయం తగ్గుతుంది. ఆ ప్లేస్ ఫోటోలు, వీడియోలు, ముఖ్యంగా గేటు, టికెట్ కౌంటర్, టాయిలెట్, బయటికి వచ్చే దారి చూపించండి. అందమైన ఫోటోలకన్నా ఇవే పనికొస్తాయి.

సోషల్ స్టోరీ అనే పద్ధతి గురించి థెరపిస్టులు చెప్పే ఉంటారు, అమెరికాలో కరోల్ గ్రే అనే టీచర్ 1990ల మొదట్లో తయారుచేశారు. పిల్లాడి వైపు నుంచి, ఏం జరుగుతుందో చిన్న చిన్న వాక్యాల్లో, ఒక్కో వాక్యానికి ఒక్కో ఫోటో. ఉదాహరణకి ఇలా:

"శనివారం మనం రైలెక్కుతాం. స్టేషన్లో చాలామంది ఉంటారు. మైకులో గట్టిగా మాటలు వస్తాయి. గట్టిగా అనిపిస్తే నేను హెడ్‌ఫోన్స్ పెట్టుకోవచ్చు. రైలు కొన్నిసార్లు లేటుగా వస్తుంది. లేటైతే అమ్మా నేనూ బెంచి మీద కూర్చుంటాం. సాయంత్రం మళ్ళీ ఇంటికి వచ్చేస్తాం."

చూడండి, ఇందులో "గోల చేయకూడదు", "మంచిగా ఉండాలి" లాంటివి ఒక్కటి కూడా లేవు. చాలామంది దీన్ని బుద్ధులు చెప్పే కాగితంగా మార్చేస్తారు, అప్పుడు పిల్లాడు దాన్ని చూడ్డమే మానేస్తాడు. "కొన్నిసార్లు", "కావచ్చు" అనే మాటలు మాత్రం తప్పకుండా వాడండి, మీరు పది గంటలకి అని రాసి రైలు పదింబావుకి వస్తే ఆ పావుగంట మీరు పడే పాట్లు నేను చెప్పక్కర్లేదు.

ఆ రోజుకి బొమ్మల షెడ్యూల్ ఒకటి చేసుకోండి. అట్టముక్క మీద వెల్క్రో అంటించి, చిన్న ఫోటోలు వరసగా పెట్టండి: షూస్, కారు, జూ గేటు, ఏనుగు, తిండి, కారు, ఇల్లు. ఒకటి అయిపోగానే పిల్లాడి చేత్తోనే పీకించి వెనక కవర్లో వేయించండి. ఆ చర్ర్ మని పీకే చప్పుడు, ఆ ఫోటో కనపడకుండా పోవడం, అది అయిపోయిందని మాటలకన్నా గట్టిగా చెప్తాయి. చివర్లో ఇల్లు ఫోటో ఎప్పుడూ కనపడుతూ ఉండాలి. ఇంకో కార్డు మీద ప్రశ్న గుర్తు గీసి దాన్ని "మార్పు" కార్డు అనుకోండి, ఏనుగుల దగ్గరికి దారి మూసేశారు అనుకోండి, ఏనుగు తీసి ఆ కార్డు పెట్టి తర్వాత ఏంటో చెప్పాలి. ఈ కార్డుని ముందు ఇంట్లో మంచి మార్పులకి వాడి అలవాటు చేయండి, స్నానం బదులు బెలూన్లు, అలాగ. ఎప్పుడూ చెడ్డ వార్తకే తీస్తే ఆ కార్డు కనపడగానే ఏడుపు మొదలవుతుంది.

పెద్ద ప్రయాణమైతే ముక్కలుగా ప్రాక్టీస్ చేయించండి. ఒకరోజు స్టేషన్‌కి వెళ్ళి రైళ్ళు చూసి వచ్చేయడం, ఇంకోరోజు ఒక్క స్టాప్ వెళ్ళి దిగడం.

5. బ్యాగ్

హెడ్‌ఫోన్స్, టోపీ లేదా చలవ కళ్ళద్దాలు, నమలడానికి ఏదైనా, చేతిలో తిప్పుకునే బొమ్మ, తప్పకుండా తినే తిండి కావాల్సినదానికన్నా ఎక్కువ, ఒక జత బట్టలు (లేబుల్స్ కత్తిరించినవి), మందులు, పవర్ బ్యాంక్. ట్యాబ్‌లో వీడియోలు ఇంటర్నెట్ లేకుండా ఆడేలా ముందే డౌన్‌లోడ్ చేయండి. మాట రాని పిల్లలు కమ్యూనికేషన్ యాప్ (బొమ్మ నొక్కితే మాట పలికేది) వాడుతుంటే అదే బొమ్మలు కాగితం మీద ప్రింట్ తీసి పెట్టుకోండి, ఎండలో స్క్రీన్ కనపడదు, చార్జింగ్ అయిపోతుంది, అప్పుడు పిల్లాడికి గొంతే లేకుండా పోతుంది. మాటలు బాగా వచ్చిన పిల్లలకి కూడా టెన్షన్లో మాట ఆగిపోవచ్చు, కాబట్టి "ఆపు", "టాయిలెట్", "ఇంటికి" అనే మూడు కార్డులు వాళ్ళకీ ఉండాలి.

హెడ్‌ఫోన్స్ పెట్టుకుంటే అలవాటైపోతుందని, చేతులాడిస్తుంటే అందరూ చూస్తారని బంధువులు అంటారు. వినకండి. చేతులాడించడం, ఊగడం వాళ్ళు తమని తాము నిలబెట్టుకునే పద్ధతి, బయట దాన్ని ఆపితే లోపల ఒత్తిడి పోవడానికి ఇంకో దారి ఉండదు.

6. ప్రయాణం

కారులో చైల్డ్ లాక్, కిటికీ లాక్ బయల్దేరే ముందే చెక్ చేయండి. గంటకోసారి ఆగండి, పిల్లాడు అడగకపోయినా. బస్సు, రైలు అయితే చివరి సీటో, మూల సీటో, వెనక నుంచి ఎవరూ తగలనిది.

విమానం గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి. టికెట్ బుక్ చేసేటప్పుడే ఎయిర్‌లైన్‌కి చెప్పండి, వాళ్ళ సిస్టంలో డీపీఎన్ఏ అనే కోడ్ ఉంటుంది, మేధోపరంగా గానీ ఎదుగుదల పరంగా గానీ వైకల్యం ఉండి సాయం కావాల్సిన ప్రయాణికుల కోసం. కనీసం 48 గంటల ముందు చెప్తే మంచిది, చాలాచోట్ల అంత ముందు చెప్పమనే అడుగుతారు. ఇంకోటి సన్‌ఫ్లవర్ లాన్యార్డ్, ఆకుపచ్చ ట్యాగ్ మీద పసుప్పచ్చ పొద్దుతిరుగుడు పూలుంటాయి, 2016లో లండన్ గాట్విక్ ఎయిర్‌పోర్టులో మొదలై ఇప్పుడు చాలా దేశాల ఎయిర్‌పోర్టులకి పాకింది. అది మెడలో ఉంటే బయటికి కనపడని వైకల్యం ఉంది, కాస్త టైం ఇవ్వండి అని స్టాఫ్‌కి అర్థమవుతుంది. దానివల్ల క్యూ దాటించడం గ్యారంటీ ఏమీ కాదు, అడగాల్సింది మళ్ళీ మీరే.

సెక్యూరిటీ దగ్గర అసలు గొడవ ఎక్కడొస్తుందంటే, చేతిలో ఉన్న బొమ్మ ట్రేలో పెట్టి మెషీన్లోకి పంపించమంటారు. పిల్లాడి కళ్ళముందే అది రబ్బరు తెరల వెనక్కి మాయమైపోతుంది. ఇంట్లో ఒక అట్టపెట్టె రెండువైపులా కత్తిరించి, ఒకవైపు బొమ్మ వేసి రెండోవైపు తీసుకునే ఆట ఆడించండి, చాలాసార్లు. వెళ్ళింది మళ్ళీ వస్తుందని చేతులకి అలవాటవ్వాలి. పెద్దవాళ్ళలో ఒకరు ముందు అవతలికి వెళ్ళి బొమ్మ పట్టుకుని కనపడేలా నిలబడండి.

ముందు ఎక్కించుకుంటాం రమ్మని పిలుస్తారు. కొంతమందికి అది మంచిదే, ఇరుకులో కూర్చోలేని పిల్లలకి మాత్రం అది అరగంట అదనపు శిక్ష, అలాంటప్పుడు ఒకరు సామాన్లతో ముందెక్కి ఇంకొకరు పిల్లాడితో చివర్లో ఎక్కితే సరిపోతుంది. సీటు వెనక స్క్రీన్లో వీడియో పెట్టొద్దు, ప్రతి అనౌన్స్‌మెంట్‌కీ అది ఆగిపోతుంది, సగంలో ఆగడం భరించలేని పిల్లలకి అది చాలు, సొంత ట్యాబ్ వాడండి. దిగేటప్పుడు చెవుల్లో ఒత్తిడి వస్తుంది, కిందికి దిగడం మొదలవ్వగానే నమలడానికో చప్పరించడానికో స్ట్రాతో తాగడానికో ఇవ్వండి, నిద్రలో ఉంటే లేపండి. నిద్రమందు ఇస్తే హాయిగా పడుకుంటాడు అని ఎవరైనా చెప్తే మీ డాక్టర్‌ని అడక్కుండా ఇవ్వొద్దు, కొంతమంది పిల్లల్లో అవి తిరగబడి ఇంకా హుషారు చేస్తాయి.

7. తప్పిపోకుండా

ఈ భాగం చదవడానికి ఇబ్బందిగా ఉన్నా వదిలేయొద్దు. అమెరికాలో 2012లో పీడియాట్రిక్స్ జర్నల్లో వచ్చిన ఒక సర్వేలో, ఆటిజం ఉన్న పిల్లల్లో దాదాపు సగం మంది, 49 శాతం, నాలుగేళ్ళ వయసు దాటాక ఒక్కసారైనా చెప్పకుండా వెళ్ళిపోయారని లేదా ప్రయత్నించారని తల్లిదండ్రులు చెప్పారు. ఇది పెంపకంలో లోపం కాదు. ఇష్టమైనదానివైపో, భరించలేనిదాని నుంచి దూరంగానో పరుగెడతారు, అంతే. చాలామందికి నీళ్ళంటే విపరీతమైన ఆకర్షణ, ఈత రాకపోయినా.

బయల్దేరే ముందు ఆ రోజు బట్టల్లో తల నుంచి కాళ్ళదాకా ఒక ఫోటో తీయండి. పేరు చెప్పలేని పిల్లలకి ఫోన్ నంబర్ చేతి మీద రాయడమో, బట్టల లోపల కుట్టడమో చేయండి, బ్యాండ్లు పీకేసుకునే పిల్లలకి బట్టల్లో కుట్టినదే నయం. జీపీఎస్ వాచీ ఉంటే మంచిదే కానీ అది కళ్ళకి బదులు కాదు. "అందరం చూస్తున్నాం" అంటే ఎవరూ చూడట్లేదన్నమాట, కాబట్టి అరగంట నువ్వు, అరగంట నేను అని నోటితో చెప్పి చేతులు మార్చుకోండి. ఒకవేళ కనపడకపోతే ముందు వెతకాల్సింది దగ్గర్లో ఉన్న నీళ్ళ దగ్గర, కొలను, ఫౌంటెన్, స్విమ్మింగ్ పూల్ ఏదైనా. ఒకరు నేరుగా అక్కడికి పరుగెత్తాలి, ఇంకొకరు వెంటనే స్టాఫ్‌కీ పోలీసులకీ చెప్పాలి, కాసేపు చూద్దాం అనుకోవద్దు. పేరు పెట్టి పిలిస్తే పలకకపోవచ్చు అని వెతికేవాళ్ళకి తప్పకుండా చెప్పండి. మీ వీలుని బట్టి ఈత నేర్పించడం మొదలుపెట్టండి, బట్టలతో నీళ్ళలో పడితే ఎలా అన్నది కూడా.

8. మెల్ట్‌డౌన్ వస్తే

మొదట్లో చెప్పిన ఆ మొదటి గుర్తు ఇక్కడ పనికొస్తుంది. మా వాడైతే ముందు అదే మాట మళ్ళీ మళ్ళీ అడుగుతాడు, తర్వాత గొంతు పెరుగుతుంది, తర్వాత చొక్కా కాలర్ నోట్లో పెట్టుకుంటాడు. కాలర్ నోట్లోకి వెళ్ళిందంటే మేం లేస్తాం, ఏం చూస్తున్నా సరే. మీ పిల్లాడికి అది ఏంటో మీకే తెలుస్తుంది.

ఆ గుర్తులు దాటిపోయి మెల్ట్‌డౌన్, అంటే తట్టుకోలేక పిల్లాడు పూర్తిగా అదుపు తప్పిపోవడం, వచ్చేసిందనుకోండి, అది మొండితనం కాదు, ఏదైనా కొనిస్తే ఆగేది కాదు, తిడితే ఆగేదీ కాదు. మాటలు తగ్గించండి, వీలైతే పూర్తిగా ఆపేయండి, ప్రతి మాటా ఇంకో చప్పుడే. కదలగలిగితే ఆ ప్రశాంతమైన మూలకి తీసుకెళ్ళండి, లేకపోతే ఉన్నచోటే కూర్చుని చుట్టూ ఖాళీ చేయించండి, తలకి దెబ్బ తగలకుండా బ్యాగో చున్నీయో పెట్టండి. గట్టిగా హత్తుకోవడం కొంతమందికి ఊరట, కొంతమందికి నరకం, అది ఇంట్లోనే తెలుసుకుని ఉండాలి. కొంతమంది అరవరు, బిగుసుకుపోతారు, పిలిస్తే పలకరు, దాన్ని షట్‌డౌన్ అంటారు, బుద్ధిగా కూర్చున్నాడు అని జనం అనుకుంటారు కానీ అది కూడా అంతే బాధ.

చుట్టూ చేరినవాళ్ళకి ఒక్క వాక్యం చాలు, "బాబుకి ఆటిజం ఉందండి, కాస్త చోటిస్తే చాలు, తగ్గిపోతుంది". అది కూడా రాసి ఉన్న కార్డైతే ఇంకా నయం, ఆ టైంలో మీకూ గొంతు పెగలదు. వీడియో తీసేవాళ్ళుంటే మీతో వచ్చిన ఇంకొకరు వాళ్ళకి అడ్డంగా నిలబడాలి. మీ పని పిల్లాడు మాత్రమే.

9. రాత్రి ఉండాల్సి వస్తే

లిఫ్టుకి దూరంగా, రోడ్డు వైపు కాకుండా, పైఅంతస్తులో బాల్కనీ లేని గది అడగండి. ఇంటి నుంచి దిండు గలీబు, దుప్పటి ఉతక్కుండా తీసుకెళ్ళండి, ఆ వాసనే సగం నిద్ర. గదిలోకి వెళ్ళగానే కిటికీలు, తలుపు గొళ్ళాలు చూడండి, తలుపుకి తగిలించే చిన్న అలారం కొనిపెట్టుకుంటే మీరు కూడా కాసేపు కన్ను మూయొచ్చు. మొదటి రోజు ఏ ప్లానూ పెట్టొద్దు.

10. తిరిగి వచ్చాక

బయల్దేరే ముందు పది నిమిషాలు, ఐదు, ఒకటి అని టైమర్ చూపిస్తూ చెప్పండి, "ఇంకో రెండుసార్లు జారి వెళ్దాం" అని లెక్క చెప్తే నిమిషాలకన్నా బాగా అర్థమవుతుంది. ఇంటికొచ్చాక ఎలా ఉంది, నచ్చిందా అని ప్రశ్నలేయకుండా వదిలేయండి. మర్నాడు ఖాళీగా ఉంచండి, అక్కడంతా బాగున్న పిల్లాడు ఇంటికొచ్చాక ఏడవడం మామూలే, అక్కడ బిగబట్టుకున్నదంతా ఇక్కడ వదులుతాడు. పెద్ద ట్రిప్ అయితే రెండు రోజుల తర్వాత స్కూల్ పెట్టుకోండి, మీకూ ఆ రెండు రోజులు కావాలి.

ఆ రాత్రే నాలుగు లైన్లు రాసి పెట్టండి: ఎంతసేపు ఉన్నాం, ఏది బాగుంది, మొదటి గుర్తు ఎప్పుడు కనపడింది, దానికి ముందు ఏం జరిగింది. ఫోటోల్లోంచి పిల్లాడు నవ్వుతున్నవి కొన్ని ప్రింట్ తీసి షెడ్యూల్ కార్డుల డబ్బాలో వేయండి, అదే చోటికి మళ్ళీ వెళ్ళేటప్పుడు కొత్త కార్డులు వెతుక్కోవాల్సిన పని ఉండదు.